శిరశ్చర్మ పునర్నిర్మాణ శస్త్రచికిత్స

శిరశ్చర్మ పునర్నిర్మాణము: నెత్తిపై పెరిగిన కంతిని గాని, ఎంతకును మానని పుండును గాని, క్యాన్సరు సోకిన చర్మమును గాని కోసి తీసివేసిన పిమ్మట మిగులు పెద్ద గాయమును సజీవ చర్మముతో మరల కప్పు శస్త్రవిద్యకు ఈ పేరు. గాయము చిన్నదైనచో అంచులను దగ్గరకు లాగి కుట్టవచ్చును. అరచేయి యంతటిదై, అడుగున ఎముక బయల్పడినచో, వైద్యుడు మరియొక చోటి చర్మమును ఆశ్రయింపక తప్పదు. అట్లు తెచ్చి కప్పిన చర్మమునకు రక్తము ఏ మార్గమున అందవలెనను ప్రశ్నకు వివిధ యుగములవారు ఇచ్చిన సమాధానములే ఈ విద్య యొక్క చరిత్ర.

నిర్మాణము

నెత్తి చర్మమున ఐదు పొరలు కలవు: వెంట్రుకలు మొలచు చర్మము, దానిక్రింద నాళములు దట్టముగా పరచుకొన్న కొవ్వుపొర, గేలియా యను దృఢమైన పొర, సులభముగా జారు వదులు పొర, కపాలము నంటియుండు పెరిక్రేనియమ్. నుదుటినుండియు, కణతలనుండియు, చెవుల వెనుకనుండియు, మెడ వెనుకనుండియు పైకెగబ్రాకు ధమనులు నడినెత్తిని చేరి యొకదానితో నొకటి కలిసికొనును. అందుచేతనే తలకు చిన్నగాటు పడినను నెత్తురు ధారగా కారును. అందుచేతనే ఒక్క ధమనిని నిలుపుకొని లేపిన పెద్ద చర్మఖండము కూడ చావక బ్రతుకును. అయితే గేలియా సాగని పొర యగుటచే, గాయపు అంచులు సులభముగా దగ్గరకు రావు. పెరిక్రేనియమ్ మిగిలియున్న గాయముపై పలుచని చర్మమును అతికింపవచ్చును. అదియును పోయి తెల్లని ఎముక కనబడుచున్నచో, అతికిన చర్మమునకు రక్తము లభింపక అది ఎండి రాలిపోవును.

ప్రాచీన మార్గములు

తెగిన చెవితమ్మెలను సంధించుటకు పదునైదు విధములను చెప్పిన సుశ్రుతుడు, చెక్కిలినుండి చర్మమును లేపునపుడు దాని మూలము శరీరమును వీడరాదని విధించెను. ఈ ఒక్క నియమమునందే, తన రక్తనాళములతో కూడిన చర్మఖండముతో గాయమును కప్పు నేటి ఫ్లాప్ శస్త్రచికిత్స యంతయు బీజరూపమున ఇమిడియున్నది. 1792 నాటి మైసూరు యుద్ధమున టిప్పు సుల్తాను సైన్యమునకు చిక్కి ముక్కు కోల్పోయిన కవాస్‌జీ యను బండివానికి, పూనా ప్రాంతపు దేశీయ చికిత్సకుడొకడు నుదుటి చర్మమును త్రిప్పి క్రొత్త ముక్కు నమర్చిన వృత్తాంతము మద్రాసు గెజెట్‌లో వెలువడి, 1794లో లండను పత్రికకెక్కి, ఐరోపా వైద్యులను ఆశ్చర్యచకితులను గావించెను. దానిని చదివి జోసెఫ్ కార్ప్యూ 1814లో లండనున అట్టి చికిత్సను చేసి, 1816లో గ్రంథస్థము చేసెను. నుదుటి చర్మమును పోషించు ధమనులే నెత్తి ముందుభాగమును పోషించును గనుక, ఈ సంప్రదాయము శిరశ్చర్మ చికిత్సకు పూర్వరంగ మనదగును.

బయల్పడిన కపాలమునకు ఐరోపాలో ఆగస్టిన్ బెలోస్ట్ 1696లో వేరొక ఉపాయమును ప్రకటించెను. ఎముక పైపొరకు సన్నని రంధ్రములు వేసినచో, లోపలి మజ్జభాగమునుండి ఎర్రని మెత్తటి కండ మొలచి ఎముకను కప్పును. అమెరికాలో, యుద్ధములందు నెత్తిచర్మము ఒలువబడిన వారికి ఇదే పద్ధతిని ప్రయోగించిన జేమ్స్ రాబర్ట్‌సన్ తన యనుభవమును 1806లో ప్రచురించెను. నెలల తరబడి సాగిన ఆ చికిత్స రోగికి దుర్భరమైనను, ఎముకలోని రక్తమును పైకి రప్పింపవచ్చునను సత్యము దానివలన స్థిరపడెను.

చర్మపు అతుకు, ఫ్లాపు

1869లో రెవెర్డిన్ చిన్నచిన్న చర్మపు తునుకలను పుండుపై నాటి బ్రతికించెను. 1874లో థీర్ష్ పలుచని విశాలమైన పొరలను వాడెను. 1939లో పాడ్జెట్ రూపొందించిన డెర్మటోమ్ యంత్రమువలన సమానమైన మందముతో చర్మమును కోయుట సులభమయ్యెను. ఎముకపై మొలచిన ఎర్రని కండమీద ఇట్టి అతుకు నిలుచును గాని, దానిపై వెంట్రుకలు మొలవవు; రేడియేషన్ అవసరమైన రోగులలో అది తేలికగా చెడును.

వెంట్రుకలతో కూడిన చర్మమునే గాయముమీదికి త్రిప్పుటకై గాయము ప్రక్కన వంపుగా కోసి, గేలియాపై గీట్లు పెట్టి సాగదీయు పద్ధతి ప్రబలెను. కొలంబియాలో పనిచేసిన మిగుయెల్ ఓర్టికోచియా 1967లో నాలుగు ఫ్లాపులతోను, 1971లో మూడు ఫ్లాపులతోను, మిగిలిన నెత్తినంతయు పంచి పెద్ద గాయములను కప్పు విధానమును ప్రకటించెను. ప్రతి ఫ్లాపునకును తనదైన ధమని యుండవలెననునదే అతని పద్ధతికి ప్రాణము. చర్మము క్రింద సంచిని ఉంచి వారములకొలది నీరెక్కించి చర్మమును పెంచు పద్ధతికి 1957లో న్యూమన్ మార్గము చూపగా, 1976 నుండి రాడోవన్ దానికి ప్రాచుర్యము కల్పించెను. దీనివలన వెంట్రుకలున్న చర్మమునే విస్తరింపజేయవచ్చును. కాని క్యాన్సరు రోగికి అంతకాలము వేచియుండుట తరచు సాధ్యపడదు.

నెత్తియందు చర్మము చాలనప్పుడు సూక్ష్మదర్శిని తోడ్పడెను. 1972లో మెక్లీన్, బంకీ యనువారు ఉదరములోని ఓమెంటమ్ పొరను నెత్తిగాయముపై పరచి, దాని రక్తనాళములను తల నాళములతో కలిపి కుట్టి, ఆపై చర్మమతికిరి. 1976లో మిల్లర్, అతని సహచరులు ఊడిపోయిన నెత్తిని మరల బ్రతికించిరి. అనంతరము వీపులోని లాటిసిమస్ డోర్సై కండరము పెద్ద గాయములకు ప్రధాన శరణ్యమయ్యెను.

ఆంధ్రదేశమున, కర్నూలు పశ్చిమ సీమయందు

ఎండవలన కలుగు చర్మక్యాన్సరు తెల్లని మేనివారిలో మిక్కుటము. మన దేశమున, బాల్యమున కాలిన మచ్చపై ఏండ్ల తరువాత పుట్టు పుండు ఉపేక్షింపరానిది. మచ్చలపై పుట్టు పుండ్లను 1828లో వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు మార్జోలిన్ పేరనే దానిని పిలుతురు. ప్రత్తి, వేరుసెనగ చేలలో శ్రమించు ఆదోని, ఎమ్మిగనూరు, మద్దికెర ప్రాంతముల జనులు నెత్తి కురుపును పసరు మందులతో సరిపెట్టుకొని, నెత్తురు కారి దుర్వాసన పుట్టిన పిమ్మటగాని ఆసుపత్రికి కదలకపోవుట పేదరికపు ఫలమే యగును, నిందింపదగినది కాదు.

1957లో కర్నూలు వైద్య కళాశాల, 1961లో బళ్ళారి వైద్య కళాశాల స్థాపింపబడుటతో ఈ సీమవారికి చేరువలోనే శస్త్రవైద్యమునకు ఆలంబము దొరకెను. అంతకు ముందే, 1955లో, హైదరాబాదునందు మెహదీ నవాజ్ జంగ్ పేరిట క్యాన్సరు ఆసుపత్రి ఏర్పడెను. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము క్యాన్సరు శస్త్రచికిత్సను నిరుపేదకు అందుబాటులోనికి తెచ్చెను.

నేటి విధానము

మొదట పుండునుండి చిన్నముక్క తీసి పరీక్షింతురు. పిదప చుట్టునున్న ఆరోగ్యవంతమగు అంచుతో గూడ కోసి, అంచులు శుభ్రమైనవని తేలిన తరువాతనే ఫ్లాపు కప్పుదురు. తొందరపడి కప్పినచో, మిగిలిన వ్యాధి దానిక్రింద దాగును. ఫ్లాపు తీసిన చోటికి తొడ చర్మమును అతికింతురు.

సూక్ష్మదర్శినియు, దానియందు ఆరితేరిన చేతులును పెద్ద నగరములందే యుండుట సహజము. కాని, నెత్తి ఫ్లాపునకు ఖరీదైన యంత్రములతో పనిలేదు. ధమనుల దారి నెరిగిన వైద్యుడు, మత్తు నిచ్చు నిపుణుడు, రక్తనిధి యున్న ఆసుపత్రి చాలును. ఈ మూడును ప్రతి జిల్లా ఆసుపత్రిలోను సుస్థిరముగా నిలిచినపుడే, మద్దికెర రైతు తన నెత్తి గాయమునకై రాజధానుల వంక చూడవలసిన యగత్యము తప్పును.