మణికట్టులో వేసే స్టెరాయిడ్ సూది కథ

చెన్నైలో ఎముకల డాక్టరు మణికట్టులో వేసే స్టెరాయిడ్ సూదిలో తరచు కనిపించే మందులు రెండు: మిథైల్‌ప్రెడ్నిసొలోన్, ట్రయామ్‌సినొలోన్. రెండోది పుట్టిన చోటు తెలిస్తే తెలుగువాళ్లకు ఆ సీసా కొంచెం దగ్గరదనిపిస్తుంది. 1950లలో దాన్ని మందుగా తీర్చిదిద్దింది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల. అంతకు కొన్నేళ్ల ముందు అక్కడి పరిశోధనలను నడిపించినవారు యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుకుని, ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసరు కోపానికి గురై, ఎం.బి.బి.ఎస్. రాక ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్న విద్యార్థి ఆయన. ట్రయామ్‌సినొలోన్ తయారీలో ఆయన పాత్ర లేదు. 1948 ఆగస్టులోనే కన్నుమూశారు. దాదాపు ఆరు వారాలకు, సెప్టెంబరు 21న, మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక యువతికి తొలిసారి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చాడు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. ఆ సంగతి సుబ్బారావుగారు విని ఉంటే ఎంత ముచ్చటపడేవారో!

ఒళ్లంతా పాకే స్టెరాయిడ్‌తో ముఖం ఉబ్బడం, మనసు కలతపడడం లాంటి చిక్కులు త్వరలోనే బయటపడ్డాయి. అందుకే నొప్పి ఉన్నచోటే కాస్త మందు వేద్దామన్న ఆలోచన బలపడింది. 1951లో ఫిలడెల్ఫియాలో జోసెఫ్ హాలండర్ హైడ్రోకార్టిసోన్‌ను నేరుగా కీళ్లలోకి ఎక్కించాడు.

ఈ సూది వేసే మణికట్టు జబ్బు మాత్రం అప్పటికే పాతది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం తిమ్మిరెక్కి, అర్ధరాత్రి లేచి చెయ్యి విదిలించుకునే బాధ ఇది. మణికట్టు దగ్గర మూడువైపులా ఎముకలు, పైన గట్టి పట్టీ లాంటి లిగమెంట్. ఆ ఇరుకు దారిలో వేళ్లను ముడిచే తొమ్మిది టెండాన్లతో పాటు మీడియన్ నరం కూడా సర్దుకోవాలి. టెండాన్ల పొర ఉబ్బితే నలిగేది నరమే. 1854లో జేమ్స్ పేజెట్ మణికట్టు విరిగిన రోగిలో దీన్ని గమనించాడు. 1913లో పారిస్‌లో మారీ, ఫ్వా అనే వైద్యులు ఒక వృద్ధుడి శవపరీక్షలో నరం ఎక్కడ నొక్కుకుపోయిందో చూపి, ముందే లిగమెంటు కోసి ఉంటే బాగుండేదన్నారు. ఆ మాట దాదాపు నలభై ఏళ్లు ఎవరికీ పెద్దగా పట్టలేదు. రోగుల చేతులు ఎండిపోతుంటే లోపం మెడలో ఉందనీ పక్కటెముకలో ఉందనీ వెతికిన కాలమది!

ఆ పరిస్థితిని మార్చింది క్లీవ్‌లాండ్‌కు చెందిన జార్జ్ ఫాలెన్. మణికట్టును ఒక నిమిషం వంచి ఉంచే పరీక్షకు ఆయన పేరే ఉంది. 1966లో 654 చేతుల అనుభవాన్ని ప్రచురించాడు. కోతకు ఎంత ప్రచారం చేశాడో, అంతకుముందు హైడ్రోకార్టిసోన్ సూది వేసి చూడడానికీ అంత చోటిచ్చాడు.

నిజమైన కొలత చాలా ఆలస్యంగా వచ్చింది. 1999లో నెదర్లాండ్స్‌లో 60 మందిపై జరిగిన పరీక్షలో, నెల తిరిగేసరికి స్టెరాయిడ్ పడ్డవారిలో 77 శాతం, ఉత్తుత్తి సూది పడ్డవారిలో 20 శాతం తేరుకున్నారు. 2013లో స్వీడన్ అధ్యయనం రెండో ముఖం చూపింది: 80 మిల్లీగ్రాముల సూది తీసుకున్నవారిలో కూడా ఏడాదిలోపు 73 శాతం మందికి ఆపరేషన్ తప్పలేదు, ఉత్తుత్తి సూది వారిలో అది 92 శాతం. ఉపశమనం నిజం, కానీ గడువుతో వస్తుంది. ఆ గడువు విలువ తక్కువేమీ కాదని నా నమ్మకం. గర్భిణికి కాన్పయ్యేదాకా, థైరాయిడ్ మందు పనిచేయడం మొదలయ్యేదాకా ప్రశాంతంగా నిద్రపట్టడం పెద్ద మేలే.

చెన్నైలాంటి మధుమేహం ఎక్కువున్న ఊళ్లో ఒక జాగ్రత్త తప్పనిసరి: సూది పడ్డాక కొన్ని రోజులు చక్కెర పెరగవచ్చు, కొలుచుకుంటూ ఉండాలి. సూది లోపలికి వెళ్లేటప్పుడు వేళ్లలోకి షాక్ కొట్టినట్టు అనిపిస్తే వెంటనే చెప్పాలి. నరానికి తగిలిందని గుర్తు. బొటనవేలి కింది కండ పలచబడితే, తిమ్మిరి పగలూ రాత్రీ వదలకపోతే, మళ్లీ మళ్లీ సూదులతో నెట్టుకురాకుండా చేతి సర్జన్‌ను కలవాలి.