గడ్డకట్టిన నీటి మీద

ఫిబ్రవరి 1945, మొదటి వారం. తూర్పు ప్రష్యాలో హైలిగెన్‌బైల్ దగ్గరి ఒడ్డు. చీకటి పడేదాకా ఎవరూ కదలొద్దని సైనికులు చెప్పారు. పగలు వెళ్తే సోవియట్ విమానాల కంట పడతారు. బండ్లు వరసగా ఆగి ఉన్నాయి. గుర్రాల మూతుల చుట్టూ ఊపిరి మంచై పేరుకుంటోంది. ఎదురుగా తెల్లగా పరుచుకున్నది నేల కాదు, ఫ్రిషెస్ హాఫ్. నేలకీ బాల్టిక్ సముద్రానికీ మధ్య చిక్కుకున్న కయ్య, ఈ చలికి గడ్డకట్టింది. దాదాపు పది కిలోమీటర్ల అవతల నేరుంగ్ అనే సన్నటి ఇసుకపట్టీ ఉంది. బతికి బయటపడాలంటే అక్కడికి చేరాలి.

ఆమెకు ఇరవై రెండేళ్లుంటాయి. కోటు లోపల, గుండెలకు కట్టుకుని నాలుగు నెలల బిడ్డ. ఇలాంటి తల్లులు ఎందరో ఈ దారిన నడిచారు. వాళ్లందరి అనుభవాలూ కలిసిన మనిషి ఈమె. ఈ రాత్రి ఆమె పక్కనే నడుద్దాం.

బండిలో అత్తగారు, ఒక పరుపు, బంగాళాదుంపల బస్తా. పగ్గాలు పట్టుకున్నవాడు ఫ్రెంచి యుద్ధఖైదీ. పొలం పనికి తెచ్చిపెట్టిన మనిషే ఇప్పుడు ఈ ఇంటికి దిక్కయ్యాడు. భర్త ఏ రణరంగంలో ఉన్నాడో తెలియదు.

ఇంత ఆలస్యంగా ఎందుకు బయల్దేరారు? ముందే బయల్దేరనివ్వలేదు కాబట్టి. సోవియట్ సేనలు జనవరి 13న దాడి మొదలుపెట్టాయి. ఊళ్లు ఖాళీ చేయడానికి ఇక్కడి నాజీ అధినేత ఎరిక్ కోఖ్ ఒప్పుకోలేదు. మూటలు కట్టుకోవడమే ద్రోహమన్నట్టు చూశారు. జనవరి 26కల్లా ఎర్రసైన్యం కయ్య ఒడ్డుకు చేరి, జర్మనీ వైపు నేలదారిని తెగ్గొట్టింది. ఇక మిగిలింది ఈ మంచుదారే.

బండి కదిలింది. దారికి గుర్తుగా మంచులో ఫిర్ కొమ్మలు పాతారు. ముందు బండిని ఆనుకుని వెళ్లొద్దని, బరువు ఒకేచోట పడితే మంచు పగులుతుందని సైనికులు అరుస్తున్నారు. మంచు పైన నీళ్లు నిలిచాయి. ఆమె బూట్లలోకి నీరు దిగింది. పగుళ్ల మీద చెక్కలు వేశారు. వాటిపై గుర్రం డెక్కలు పడ్డప్పుడల్లా అడుగున ఏదో విరిగిన చప్పుడు. కుడివైపు ఒక బండి వెనక భాగం మాత్రమే పైకి కనిపిస్తోంది. ఎవరూ ఆగరు. ఆగితే బరువు పెరుగుతుంది.

బిడ్డ తడిసింది. ఈ చలిలో తడిగుడ్డ బిడ్డ ఒంటిమీద ఉంటే ప్రాణానికే ముప్పు. ఆరేయడానికి పొయ్యి లేదు, ఎండ లేదు. ఆమె బండి చాటుకు వెళ్లి, కోటు గుండీలు రెండే విప్పి, లోపలే తడి పొత్తిగుడ్డను లాగుతుంది. పొద్దుటి నుంచీ నడుముకు చుట్టుకుని ఒంటి వేడితో ఆరబెట్టిన గుడ్డను బిడ్డకు కడుతుంది. తడిదాన్ని పిండి, తన పొట్టకు చుట్టుకుంటుంది. ఆ చల్లదనానికి ఊపిరి ఒక్కసారి బిగుసుకుంటుంది. అయినా ఆ గుడ్డ రేపటికి ఆరాలి. మంచును కూడా ముందు తన నోట్లో కరిగించి, వేడెక్కాకే చుక్కచుక్కగా బిడ్డ పెదాలకు అందిస్తుంది. ఆమెకు పాలు సరిగా పడటం లేదు. సరైన తిండి లేక, నిద్ర లేక ఎక్కడి నుంచి వస్తాయి?

దారి పక్కన అక్కడక్కడా చిన్న మూటలు కనిపిస్తాయి. ఆమె వాటివైపు చూడదు. మంచులో గొయ్యి తవ్వడం ఎవరివల్లా కాదు.

తెల్లారేసరికి ఇసుకపట్టీ చేరారు. అక్కడి నుంచి పైన్ చెట్ల మధ్య పడమటికి రోజుల తరబడి నడక. ఆ పట్టీ నేలను కలిసే చోట స్టుట్‌హోఫ్ ఉంది. అక్కడి నాజీ నిర్బంధ శిబిరంలో 60,000 మందికి పైగా చనిపోయారు. వేలాదిమంది ఖైదీలను జనవరి 25 నుంచి ఇదే చలిలో, పల్చటి బట్టల్లో, కాపలాదారుల తుపాకుల మధ్య నడిపించారు. ఆమె బిడ్డకు చుట్టడానికి పొత్తిగుడ్డ అయినా ఉంది. ఆమెను ఇల్లు వదిలించిన యుద్ధాన్ని మొదలుపెట్టిందీ, ఆ శిబిరాన్ని కట్టిందీ ఒకే ప్రభుత్వం. ఈ కథ చెప్పేటప్పుడు ఆ మాట దాచకూడదు.

తర్వాత గోటెన్‌హాఫెన్ రేవు. ఓడ ఎక్కాలంటే గుండె కావాలి. ఇక్కడి నుంచే బయల్దేరిన విల్‌హెల్మ్ గుస్ట్‌లోఫ్ అనే ఓడను జనవరి 30న సోవియట్ జలాంతర్గామి ముంచేసింది. సుమారు 9,000 మంది పోయారని అంచనా. వాళ్లలో ఎక్కువమంది శరణార్థులే. అయినా ఆమె ఎక్కుతుంది. వెనక్కి దారి లేదు మరి.

ఓడ ఆమెను దించింది డెన్మార్క్‌లో. జర్మనీ ఆక్రమణలో నలిగిన దేశం అది. అక్కడికి చేరిన జర్మన్ శరణార్థులు సుమారు 2,50,000 మంది. ఆకలి, అంటురోగాలు ఓడల్లో వాళ్ల వెంటే వచ్చాయి. 1945 ఒక్క ఏడాదిలోనే వాళ్లలో 13,000 మందికి పైగా చనిపోయారు. అందులో సగానికి పైగా ఐదేళ్ల లోపు పిల్లలు. సముద్రం దాటినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. అక్కడి ఓక్స్‌బోల్ శరణార్థి శిబిరంలో ఒక దశలో 35,000 మంది ఉన్నారు. చుట్టూ ముళ్లకంచె, లోపల బడి, ఆసుపత్రి. ఆమె బిడ్డ తొలి అడుగులు వేసింది ఆ కంచె లోపలే.

ఎరిక్ కోఖ్ సంగతి? ఏప్రిల్‌లో అతనూ డెన్మార్క్ దారే పట్టాడు, మంచును చీల్చుకుపోయే ఐస్‌బ్రేకర్ ఓడలో.

చివరి శరణార్థులు డెన్మార్క్ విడిచింది ఫిబ్రవరి 1949లో. అప్పటికి తూర్పు ప్రష్యా సోవియట్ యూనియన్, పోలండ్‌ల మధ్య పంపకమైపోయింది. హైలిగెన్‌బైల్ పేరు మమోనవో అయింది. ఆమె వెళ్లేది ఎన్నడూ చూడని పశ్చిమ జర్మనీ ఊరికి. అక్కడివాళ్లకు ఆమె యాసే వింత. ఇల్లు వెతుక్కోవాలి, పని వెతుక్కోవాలి, భర్త ఆచూకీ కోసం రెడ్‌క్రాస్‌కు రాయాలి. బిడ్డకు నాలుగేళ్లు దాటాయి. బడి కూడా చూడాలి.