రిపోర్టుకు వైద్యం: జర్మన్ వేగపు కార్లలో ఇంజన్ ఎంపికల చరిత్ర

తెలుగు మాధ్యమంలో చదువుకున్న మా తరానికి ఇంజన్ మొదట పరిచయమైంది ‘అంతర్దహన యంత్రం’ అన్న పేరుతో. ఊళ్ళో మేము చూసినదల్లా చేలకు నీళ్ళు తోడే డీజిల్ ఇంజనే అయినా, పేరు మాత్రం గంభీరంగా ఉండేది. తరువాత వైద్యకళాశాలలో శరీరధర్మశాస్త్రం చదువుతున్నప్పుడు ఆ పేరు మళ్ళీ గుర్తుకు వచ్చింది. గాలి పీల్చి, అందులోని ఆక్సిజన్‌తో ఇంధనాన్ని మండించి, శక్తిని తీసుకుని, మిగిలినదాన్ని బయటకు వదలడం మన దేహమూ చేస్తుంది, ఇంజనూ చేస్తుంది. ఇంజన్ వదిలిన గాలినే మనం పీల్చుకోవలసి రావడంతో అసలు చిక్కు మొదలవుతుంది.

మా ఆసుపత్రి కార్ల పార్కింగ్‌లో కొన్నేళ్ళుగా ఒక వాదన నడుస్తోంది. జర్మన్ వేగపు కార్లంటే మోజున్న సహవైద్యులు అక్కడ కొందరున్నారు. ఎనిమిది సిలిండర్ల ఇంజన్ తీసేసి నాలుగు సిలిండర్లదానికి బ్యాటరీ తగిలించడం అన్యాయమని ఒకరు, అసలు ఇంజనే అక్కర్లేదని మరొకరు. ఇద్దరూ ఒప్పుకునే మాట ఒకటుంది: ఇంజనీర్లను వాళ్ళ మానాన వదిలేస్తే మంచి ఇంజన్లే చేసేవారు, మధ్యలో చట్టాలు వచ్చి చెడగొట్టాయి. చరిత్రను కొంచెం వెనక్కు వెళ్ళి చూస్తే ఈ మాట నిలవదని నాకనిపించింది. జర్మన్ ఇంజనీర్లు ఏనాడూ ఇంజన్‌ను పూర్తి స్వేచ్ఛతో ఎంచుకోలేదు. చమురు, పొగ, పన్ను, పందేల నియమాలు ప్రతిసారీ వాళ్ళ చేతులు కట్టేశాయి. ఆ కట్టుబాటును నిజాయితీగా ఎదుర్కొన్నప్పుడు గొప్ప ఇంజన్లు పుట్టాయి. కాగితం మీద మాత్రమే ఎదుర్కొన్నప్పుడు అపకీర్తి మిగిలింది.

ఊపిరి లెక్క

ఇంజన్ ఎంత శక్తినిస్తుందన్నది అది ఎంత గాలి పీల్చగలదన్నదాని మీద ఆధారపడుతుంది. ఇంధనం ఎంతైనా పోయవచ్చు, దానికి తగిన ఆక్సిజన్ అందడమే కష్టం. ఎక్కువ గాలి పీల్చడానికి మూడు దారులున్నాయి. సిలిండర్లను పెద్దవి చేయవచ్చు, ఇంజన్‌ను వేగంగా తిప్పవచ్చు, లేదా గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టవచ్చు. బయటకు పోయే పొగ బలంతోనే ఒక చక్రాన్ని తిప్పి, ఆ చక్రంతో గాలిని లోపలికి నెట్టే ఆలోచనకు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లోనే పేటెంటు పొందాడు. అదే టర్బో.

ఆ టర్బోను జర్మనీ వీధికారులో పెట్టి అమ్మిన మొదటి ప్రయత్నం బీఎండబ్ల్యూ 2002 టర్బో. 1973 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో దాన్ని చూపించారు. రెండు లీటర్ల ఇంజన్ నుంచి 170 అశ్వశక్తి రావడం ఆనాటికి పెద్ద సంగతి. నెల తిరిగేసరికి అరబ్బు దేశాల చమురు నిషేధం వచ్చిపడింది. ఆ నవంబరు, డిసెంబరు నెలల్లో పశ్చిమ జర్మనీ నాలుగు ఆదివారాలు రోడ్ల మీద కార్లు తిరగరాదని నిషేధించింది, ఆటోబాన్ మీద సైతం కొంతకాలం వేగపరిమితి విధించింది. అటువంటి సమయంలో పెట్రోలు తాగే చిన్నకారును కొనేవారెవరు? 1,672 కార్లతో దాని కథ ముగిసింది. ఇంజన్‌లో లోపమున్నందుకు కాదు, కాలం కలిసిరానందుకే అది ఓడిపోయింది.

మరుసటి ఏడాది పోర్షే అదే దారిలో 911 టర్బోను తెచ్చింది. అమెరికాలో కాన్-ఆమ్ పందేలలో 917 కారుతో నేర్చుకున్న టర్బో విద్యను మూడు లీటర్ల, 260 అశ్వశక్తి వీధికారుకు దించింది. ఆ కారు నిలదొక్కుకుంది. బీఎండబ్ల్యూ ఇంజనీరు పాల్ రోషె టర్బోను వదలలేదు. 1960ల తొలినాళ్ళ నుంచి మామూలు కార్లలో వాడుతున్న నాలుగు సిలిండర్ల ఇంజన్ దిమ్మెనే ఆధారం చేసుకుని ఒకటిన్నర లీటర్ల ఫార్ములా వన్ ఇంజన్‌ను తయారుచేశాడు. 1983లో నెల్సన్ పికే దానితోనే ప్రపంచ విజేత అయ్యాడు. ఒకటిన్నర లీటర్లన్నది రోషె ఎంచుకున్న కొలత కాదు, పందెం నిబంధన విధించిన కొలత. నాలుగు సిలిండర్ల ఇంజన్ వేగపు కారుకు తగదనేవారు ఈ అధ్యాయాన్ని ఒకసారి తలచుకోవాలి.

సీసం పోయిన కాలం

అమెరికాలో 1970 నాటి స్వచ్ఛ వాయు చట్టం రెండో కట్టుబాటును తెచ్చింది. పొగలోని విషవాయువులను తగ్గించేందుకు పొగగొట్టంలో ఉత్ప్రేరకం అమర్చే క్యాటలిటిక్ కన్వర్టర్ వచ్చింది. సీసం తగిలితే ఆ ఉత్ప్రేరకం పాడైపోతుంది కనుక పెట్రోలులో నుంచి సీసాన్ని తీసేయవలసి వచ్చింది. సీసం పిల్లల మెదడుకు చేసే హాని తెలిసిన వైద్యుడిగా, ఇంజన్ చరిత్రలో ఇంతకంటే మేలైన మార్పు మరొకటి ఉన్నదని నేననుకోను.

అయితే ఆ ఉత్ప్రేరకం మూడు విషవాయువులనూ ఒకేసారి శుభ్రం చేయాలంటే, ఇంజన్‌లోకి వెళ్ళే గాలీ పెట్రోలూ ఖచ్చితమైన పాళ్ళలో ఉండాలి. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ళ గాలి. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచి ఈ పాళ్ళను క్షణక్షణం సరిచేసే లాంబ్డా సెన్సర్‌ను బాష్ సంస్థ 1976లో కార్లలోకి తెచ్చింది. మన రక్తంలోని వాయువులను పసిగట్టి శ్వాసవేగాన్ని సవరించే నాడీవ్యవస్థ వంటిదే ఇది.

వేగపు కార్లకు దీని ఖరీదు ఎంతో చూడండి. 1980ల నడుమ వచ్చిన మొదటి బీఎండబ్ల్యూ ఎమ్5లో మూడున్నర లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజన్ ఉండేది. యూరపులో దాని శక్తి 286 అశ్వశక్తి. క్యాటలిటిక్ కన్వర్టర్‌తో అమెరికాకు వచ్చేసరికి అది 256 అయింది. అభిమానులు ఆనాడూ ఇంజన్ గొంతు నొక్కేశారనే అన్నారు. కానీ ఆ సంకెళ్ళతోనే ఎలక్ట్రానిక్ నియంత్రణ పెరిగింది, పోయిన శక్తి పదేళ్ళు తిరక్కుండానే వెనక్కు వచ్చింది. గాలితో చల్లబడే ఇంజన్‌కు పేరుపడ్డ పోర్షే 911 సైతం 1997లో నీటితో చల్లబడే ఇంజన్‌కు మారింది. శబ్దం, పొగ నిబంధనలను పాత పద్ధతిలో అందుకోవడం దుర్లభమైంది. ఇక 911 చచ్చిపోయినట్టేనని ఆనాడు శోకాలు పెట్టినవారున్నారు. ఆ కారు నేటికీ ఉంది.

స్వర్ణయుగం, దాని గడువు

అభిమానులు నేడు బెంగపెట్టుకునే కాలం దాదాపు 1998 నుంచి 2011 వరకు సాగింది. టర్బో లేకుండా సహజంగా గాలి పీల్చే పెద్ద ఇంజన్ల కాలమది. 1998 నాటి ఎమ్5లో 400 అశ్వశక్తినిచ్చే ఎనిమిది సిలిండర్లు వచ్చాయి. 2005 నాటి ఎమ్5లో అయిదు లీటర్ల, పది సిలిండర్ల ఇంజన్ నిమిషానికి ఎనిమిదివేల చుట్లు దాటి తిరిగి 507 అశ్వశక్తినిచ్చేది. బీఎండబ్ల్యూ అప్పట్లో ఫార్ములా వన్‌లో పది సిలిండర్ల ఇంజన్లే నడిపేది, ఆ ఛాయ వీధికారు మీదా పడింది. మెర్సిడెస్ వేగపు కార్ల విభాగమైన ఏఎమ్‌జీ తన 6.2 లీటర్ల వి8 ఇంజన్‌ను సి63 వంటి మధ్యతరహా కారులోనూ అమర్చింది.

2009లో యూరోపియన్ యూనియన్ కొత్త చట్టం చేసింది. ఒక సంస్థ ఏడాదిలో అమ్మిన కొత్త కార్ల సగటు కార్బన్ డయాక్సైడ్‌కు పరిమితి పెట్టింది: 2015 నాటికి కిలోమీటరుకు 130 గ్రాములు, ఆ తరువాతి దశలో 95 గ్రాములు. ఆ దశలో పరిమితి దాటిన ప్రతి గ్రాముకు, అమ్మిన ప్రతి కారుకు 95 యూరోల జరిమానా. పది సిలిండర్ల ఎమ్5 స్థానంలో 2011లో రెండు టర్బోల 4.4 లీటర్ల వి8 వచ్చింది. శక్తి 560కి పెరిగింది, పరీక్షలో పెట్రోలు ఖర్చు తగ్గింది. 2015లో మామూలు 911 కరేరాకూ టర్బోలు వచ్చాయి.

రిపోర్టుకు చేసిన వైద్యం

ఇదే కాలంలో జర్మన్ సంస్థలు మరో దారి పట్టాయి. అది డీజిల్. పెట్రోలు కన్నా తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం పోతుంది కనుక కార్బన్ లెక్కకు అనుకూలం. 2006లో ఆడి డీజిల్ కారుతో లె మాన్ 24 గంటల పందెం గెలిచింది. ఆ పందెం డీజిల్ గెలవడం అదే మొదలు. బీఎండబ్ల్యూ మూడు టర్బోలతో 381 అశ్వశక్తి డీజిల్ తెచ్చింది. అయితే డీజిల్ పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు ఎక్కువ. ఇవి ఊపిరితిత్తుల లోపలి పొరలను రేపుతాయి, ఉబ్బసం రోగులను ఆసుపత్రికి పంపుతాయి. వాటిని అదుపు చేయాలంటే డబ్బూ, స్థలమూ, ఇంధనమూ కొంత వదులుకోవాలి.

అమెరికాలో వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు పొగను కొలిచే పరికరాలను కారు వెనక డిక్కీలో పెట్టుకుని నిజమైన రోడ్ల మీద వందల మైళ్ళు నడిపారు. ఆ బృందంలో భారతదేశం నుంచి పైచదువులకు వచ్చినవారూ ఉన్నారు. ప్రయోగశాలలో పాసైన రెండు ఫోక్స్‌వాగన్ కార్లు రోడ్డు మీద పరిమితిని ఎన్నో రెట్లు దాటాయి. మూడోది బీఎండబ్ల్యూ డీజిల్ కారు; అది చాలావరకు పరిమితికి లోబడే నడిచింది. అంటే పని అసాధ్యం కాదు. 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ అసలు విషయం బయటపెట్టింది. పరీక్ష జరుగుతున్నదని కారులోని సాఫ్ట్‌వేర్ పసిగట్టి అప్పుడు మాత్రమే పొగను శుభ్రం చేసేది. ప్రపంచవ్యాప్తంగా సుమారు కోటీ పది లక్షల కార్లలో ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నట్టు సంస్థే ఒప్పుకుంది.

వైద్యవిద్యలో గురువులు మొదటే చెప్పే మాట ఒకటుంది: రిపోర్టుకు వైద్యం చేయకు, రోగికి చెయ్యి. డీజిల్ ఉదంతంలో రిపోర్టు ఆరోగ్యంగా ఉంది, రోగి ఆయాసపడుతున్నాడు.

మూడు మందుచీట్లు

రాబోయే తరం వేగపు కార్లను ఈ సూత్రంతోనే చూడాలని నా అభిప్రాయం. ప్రస్తుతం మూడు రకాల హైబ్రిడ్ మందుచీట్లు మన ముందున్నాయి.

మొదటిది ఏఎమ్‌జీ 2022లో చూపిన సి63. వి8 స్థానంలో రెండు లీటర్ల నాలుగు సిలిండర్లు, వెనక ఎలక్ట్రిక్ మోటారు, మొత్తం 680 అశ్వశక్తి. సాంకేతికంగా అద్భుతమే. కానీ బరువు 2,100 కిలోలు దాటింది, ఎలక్ట్రిక్‌గా నడిచే దూరం 13 కిలోమీటర్లు మాత్రమే. కొనేవారు మొహం చాటేశారు. వి8ను పూర్తిగా వదిలేయడం లేదని ఆ సంస్థే తరువాత సంకేతాలిచ్చింది.

రెండోది 2024 నాటి ఎమ్5. వి8ను ఉంచి పెద్ద బ్యాటరీని చేర్చారు. 727 అశ్వశక్తి; బరువు 2,400 కిలోలకు పైనే. మొదటి ఎమ్5 బరువు 1,500 కిలోలైనా లేదు. అయినా అధికారిక లెక్కలో దీని కార్బన్ కిలోమీటరుకు 40 గ్రాముల లోపే! యజమాని రోజూ చార్జి చేసి చాలా దూరం ఎలక్ట్రిక్‌గానే నడుపుతాడన్న ఊహ మీద ఆ లెక్క కట్టారు. కానీ ఇటువంటి ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లు నిజజీవితంలో వదిలే కార్బన్ పరీక్ష లెక్కకు సగటున మూడున్నర రెట్లు ఉన్నట్టు యూరోపియన్ కమిషన్ 2024లో వెల్లడించింది. ఇది డీజిల్ వంటి మోసం కాదు, చట్టబద్ధమే. మందు రాసిచ్చాం, రోగి వేసుకుంటున్నాడో లేదో ఎవరూ అడగలేదు. రక్తపోటు రోగులతో ముప్ఫై ఏళ్ళు గడిపినవాడికి ఈ కథ కొత్తకాదు.

మూడోది పోర్షే 911 టి-హైబ్రిడ్, ఇదీ 2024లోనే వచ్చింది. బ్యాటరీ రెండు కిలోవాట్-గంటలకు లోపు, పెరిగిన బరువు సుమారు 50 కిలోలు, శక్తి 541. టర్బో చక్రానికే చిన్న మోటారు అమర్చారు. దానితో టర్బో ఆలస్యం లేకుండా గాలినిస్తుంది, మిగులు శక్తిని బ్యాటరీకి తిరిగి పంపుతుంది. మునుపు పూర్తి వేగంలో ఇంజన్‌ను చల్లబరచడానికి అదనంగా పెట్రోలు పోసేవారు. ఆ సమయంలో గాలి, పెట్రోలు పాళ్ళు తప్పి ఉత్ప్రేరకం సరిగా పనిచేసేది కాదు. ఈ ఇంజన్‌లో అన్ని వేగాల్లోనూ ఆ పాళ్ళు తప్పవని పోర్షే చెబుతోంది. ఇది విద్యుత్ మీద ఊరు తిరిగే కారు కాదు, కార్బన్ వదలకుండా పోదు. కానీ యజమాని ఏ ప్లగ్గూ పెట్టనవసరం లేకుండా, ఎలా నడిపినా పనిచేసే మందు ఇది.

పూర్తి ఎలక్ట్రిక్ దారి వేరే ఉంది. 2019 నాటి పోర్షే టైకాన్ అందులో తొలి గట్టి అడుగు. కారు నుంచి పొగే రాదు కనుక ఊపిరితిత్తుల తరఫున నాకు అదే ఇష్టం. బరువు మాత్రం అక్కడా తీరని సమస్యే. నిజానికిది పాత సమస్య. 1900 సంవత్సరపు పారిస్ ప్రదర్శనలో యువకుడైన ఫెర్డినాండ్ పోర్షే రూపొందించిన ఎలక్ట్రిక్ బండి నిలబడింది. దాని సీసపు బ్యాటరీ ఒక్కటే నాలుగువందల కిలోలు దాటేది. ఆ బరువు తగ్గించడానికి ఆయన పెట్రోలు ఇంజన్‌తో విద్యుత్ పుట్టించే హైబ్రిడ్‌ను అప్పుడే ప్రయత్నించాడు. నూట పాతికేళ్ళ తరువాత ఆయన పేరున్న సంస్థ అదే లెక్కను మళ్ళీ చేస్తోంది.

పార్కింగ్‌లోని మా వాదనకు నా జవాబు ఇది. సిలిండర్లు ఎన్నని అడగడం మానేద్దాం. కొత్త కారు కొనేముందు, కాగితంలోని అంకె నిజమైన రోడ్డు మీద, మన చేతుల్లో, మనకున్న అలవాట్లతో నిలుస్తుందా అని అడుగుదాం. చార్జి చేసే ఓపిక లేనివాడు ప్లగ్-ఇన్ కారు కొని పర్యావరణం గురించి మాట్లాడకూడదు. ఈ మాట ముందుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. నా కారు చార్జింగ్ తీగ గ్యారేజీ గోడకు చుట్టచుట్టి వేలాడుతోంది. గత శీతాకాలంలో దాన్ని ఎన్నిసార్లు విప్పానో లెక్కపెట్టడానికి ఒక చేతివేళ్ళు చాలు.