బాబేజ్ కిటికీ కింద

ఇంజినీరింగ్ పుస్తకాల్లో చార్లెస్ బాబేజ్ రెండు మార్కుల ప్రశ్న. ఇత్తడి చక్రాల యంత్రం, కంప్యూటర్‌కి పితామహుడు, అంతే. ఆయన 1864లో వేసిన ఆత్మకథలో మాత్రం, ఆ యంత్రాల సంగతులతో పాటు, వీధుల్లో గోల మీద ఒక అధ్యాయమే ఉంది. జీవితచరిత్రలు రాసేవాళ్ళు దీన్ని ముసలాయన చాదస్తంగా ఒక పేరాలో నవ్వి దాటేస్తారు. నాకు నవ్వు రాలేదు.

ఆయన ఇల్లు లండన్‌లో డోర్సెట్ వీధిలో. కిటికీ కింద బారెల్ ఆర్గన్లు (పిడి తిప్పుతుంటే పాట పలికే పెట్టెలు), బ్యాండ్లు, డప్పులు, సరుకులమ్మే కేకలు. బాబేజ్ లెక్కల మనిషి కదా, లాగ్ రాసుకున్నాడు: మొత్తం 165 అంతరాయాలు. గత పన్నెండేళ్ళలో తన పనిశక్తిలో నాలుగో వంతు ఈ గోలకే పోయిందని తేల్చాడు. పోలీసుని వెతుక్కుంటూ బయటికెళితే వందమందికి పైగా గుంపు వెక్కిరిస్తూ వెంటపడేది. ఆయనకి కష్టమని తెలిసే కొందరు కావాలని అక్కడికొచ్చి వాయించేవాళ్ళు.

ఆయన ఒక్కడి బాధే కాదిది. చెల్సీలో కార్లైల్ 1853లో ఇంటిపైన జంట గోడలతో, చప్పుడు దూరని గది కట్టించుకున్నాడు. దగ్గరి చప్పుళ్ళు తగ్గాయి గానీ, దూరపువి వినబడటం మొదలైంది!

దీన్నిప్పుడు సెన్సరీ ఓవర్‌లోడ్ అంటున్నాం. మామూలుగా మెదడు ఒక జల్లెడ పట్టుకుని ఉంటుంది. ఫ్యాన్ చప్పుడు కాసేపటికి వినబడదు. కొందరికి ఆ జల్లెడ కన్నాలు పెద్దవి, పదోసారి మోగిన హారన్ కూడా మొదటిసారి మోగినట్టే తగులుతుంది. వాళ్ళకొచ్చే చిరాకు, అలసట, లేచి పారిపోవాలనిపించడం పొగరు వల్ల కాదు. జీన్ ఏర్స్ అనే అమెరికన్ థెరపిస్టు 1972లో దీనిమీద పుస్తకం రాసింది. ఆటిజం లక్షణాల పట్టికలోకి డీఎస్ఎమ్-5 దీన్ని చేర్చింది 2013లో. బాబేజ్‌కి ఇప్పుడు కూర్చుని రోగనిర్ధారణ చెయ్యబోవడం లేదు, పోయినవాళ్ళకి ఆ పని చెయ్యడం నాకిష్టం ఉండదు. కానీ ఓపెన్ ఆఫీసులో మూల సీటు అడిగితే "రెండ్రోజులుంటే అలవాటైపోద్దిలే బాస్" అనిపించుకున్నవాణ్ణి, ఆ 165 అంకెని తేలిగ్గా తీసుకోలేను.

అయినా ఆయన పక్షం పూర్తిగా వహించలేను. ఈ గోలని ప్రోత్సహించేవాళ్ళ జాబితా ఒకటి రాశాడు: సారా కొట్లవాళ్ళు, పనివాళ్ళు, పిల్లలు, పల్లెటూళ్ళనించి వచ్చినవాళ్ళు. అంటే కచేరీకి టికెట్ కొనలేనివాళ్ళు. ఆర్గన్ తిప్పేవాళ్ళలో చాలామంది బతకడానికొచ్చిన ఇటలీ పేదలు. పిడి ఆగితే పూట గడవదు. బాధ నిజమే, ఆ బాధలోంచి పుట్టిన ఈసడింపూ నిజమే.

ఆయన వాదనల్లో నాకు నచ్చింది మరొకటి. పరస్పర సహాయ సంఘాల లెక్కలు తీసి, లండన్‌లో ఎప్పుడు చూసినా నూటికి 4.72 మంది జబ్బుపడి ఉంటారన్నాడు. బ్యాండు ఏ వీధిలోకెళ్ళినా మంచానపడ్డవాళ్ళని తాకకుండా పోదు. తన చదువుసంధ్యల సంగతి కాసేపు పక్కనపెట్టి అడిగిన ప్రశ్న ఇదొక్కటే అనిపిస్తుంది.

చివరికి డికెన్స్, టెన్నిసన్, కార్లైల్ లాంటివాళ్ళ ఉమ్మడి ఉత్తరాన్ని వెంటబెట్టుకుని, మైకేల్ బాస్ అనే ఎంపీ (బీరు వ్యాపారి) 1864లో చట్టం తెప్పించాడు. 1839 నాటి చట్టం ప్రకారం ఇంట్లో ఎవరికైనా జబ్బుగా ఉంటేనో, తగిన కారణం మరేదైనా ఉంటేనో వాయించేవాణ్ణి పొమ్మనొచ్చు. కొత్తది 'పనికి అంతరాయం' అన్న కారణాన్ని విడిగా పేరుపెట్టి చేర్చింది. వెళ్ళకపోతే 40 షిల్లింగుల దాకా జరిమానా, లేదా మూడు రోజుల జైలు. ఒక మెలిక కూడా పెట్టారు: ఫిర్యాదు చేసిన మనిషి పోలీసు వెంట స్టేషన్ దాకా వెళ్ళి సంతకం చెయ్యాలి. అప్పటికి బాబేజ్‌కి 70 దాటాయి.