లినక్స్ అనువర్తనాల మెనూ

లినక్స్ అనువర్తనాల మెనూ అనగా లినక్స్ కంప్యూటరులో స్థాపించిన ప్రోగ్రాములను వర్గాల వారీగా చూపే జాబితా. ఇది మార్చ వీలులేకుండా బిగించిన జాబితా కాదు. చిన్న చిన్న పాఠ్య దస్త్రాలను చదివి డెస్క్‌టాపు దీనిని తయారుచేస్తుంది. అందువలన వాడుకరి ఇందులోని పేర్లను తన భాషలోకి మార్చుకోవచ్చును, అక్కరలేని వాటిని దాచవచ్చును, కొత్తవాటిని చేర్చవచ్చును. తన మెనూ వరకు చేసుకునే ఈ మార్పులకు నిర్వాహకుని సంకేతపదం అవసరం లేదు.

చరిత్ర

లినక్స్‌లో ప్రసిద్ధమైన రెండు డెస్క్‌టాపులలో కేడీఈని మథియాస్ ఎట్రిచ్ 1996లోను, గ్నోమ్‌ను మిగెల్ డి ఇకాజా, ఫెడెరికో మెనా 1997లోను ప్రారంభించారు. తొలి రోజులలో మెనూ అమరిక ఒక్కొక్క డెస్క్‌టాపులో ఒక్కొక్క విధంగా ఉండేది. 2000లో హావక్ పెన్నింగ్టన్ ప్రారంభించిన ఫ్రీడెస్క్‌టాప్ ప్రాజెక్టు ఈ విషయంలో ఉమ్మడి ప్రమాణాలు ఏర్పడటానికి వేదిక అయినది. ఒక ప్రమాణం ప్రతి ప్రోగ్రాము వివరాలను ఎలా వ్రాయాలో చెబుతుంది. రెండవది ఆ వివరాలతో మెనూను ఎలా కూర్చాలో చెబుతుంది. గ్నోమ్, కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ మొదలైనవి వీటిని అనుసరిస్తున్నాయి. డెబియన్ పంపిణీకి వేరుగా సొంత మెనూ పద్ధతి ఉండేది. ఉమ్మడి ప్రమాణపు దస్త్రం ఉన్న ప్రోగ్రాములకు పాత పద్ధతి దస్త్రం ఉండరాదని డెబియన్ సాంకేతిక సంఘం 2015లో నిర్ణయించింది.

పనిచేయు విధానం

మెనూలో కనిపించే ప్రతి ప్రోగ్రాముకు ఒక దస్త్రం ఉంటుంది. దాని పేరు చివర ఒక చుక్క, డెస్క్‌టాప్ అనే మాట ఉంటాయి. ఇది సాధారణ పాఠ్య దస్త్రమే కనుక ఏ ఎడిటరుతోనైనా తెరిచి చదవవచ్చును. పిల్లలు బొమ్మలు వేసుకునే టక్స్ పెయింట్ ప్రోగ్రాముకు ఇటువంటి దస్త్రం క్లుప్తంగా ఇలా ఉండవచ్చును:

[డెస్క్‌టాప్ ఎంట్రీ]
టైప్=అప్లికేషన్
నేమ్=టక్స్ పెయింట్
నేమ్[టీఈ]=బొమ్మల పలక
ఎగ్జెక్=టక్స్‌పెయింట్
ఐకాన్=టక్స్‌పెయింట్
కేటగరీస్=ఎడ్యుకేషన్;

ఇక్కడ ఉచ్చారణ కొరకు తెలుగు లిపిలో చూపినా, అసలు దస్త్రంలో వాడుకరి పెట్టే తెలుగు పేరు తప్ప మిగిలినదంతా ఆంగ్ల అక్షరాలలోనే ఉండాలి. నేమ్ అనునది మెనూలో కనిపించే పేరు. ఎగ్జెక్ ప్రోగ్రామును నడిపే ఆదేశం. ఐకాన్ దాని చిహ్నం. కేటగరీస్ అది ఏ వర్గంలో చేరాలో తెలుపుతుంది. విద్య, ఆటలు, చిత్రాలు, అంతర్జాలం, కార్యాలయం, అమరికలు మొదలైన ముఖ్య వర్గాలను ప్రమాణమే నిర్దేశించినది.

దస్త్రాలు ఉండే చోటు

అందరికీ ఉమ్మడిగా ఉండే దస్త్రాలు సాధారణంగా /యూఎస్ఆర్/షేర్/అప్లికేషన్స్ సంచయంలో ఉంటాయి. వాడుకరి సొంత దస్త్రాలు అతని హోమ్ సంచయం లోపల .లోకల్/షేర్/అప్లికేషన్స్ అనే చోట ఉంటాయి. పేరు చుక్కతో మొదలగుట వలన ఈ సంచయం మామూలుగా కనిపించదు. గ్నోమ్ దస్త్రాల నిర్వాహకంలో కంట్రోల్, హెచ్ మీటలు కలిపి నొక్కితే కనిపిస్తుంది.

రెండు చోట్లా ఒకే పేరుగల దస్త్రం ఉంటే వాడుకరి దస్త్రానిదే పైచేయి. మెనూ మార్పులకు ఈ నియమమే ఆధారం. ఉమ్మడి సంచయంలోని దస్త్రాన్ని నేరుగా దిద్దితే మార్పు అందరికీ వర్తిస్తుంది. పైగా ఆ ప్రోగ్రాము కొత్త సంచిక వచ్చినపుడు దిద్దినది చెరిగిపోవచ్చును. అదే పేరుతో ఒక నకలును సొంత సంచయంలో ఉంచి దిద్దుకుంటే ఈ రెండు చిక్కులూ ఉండవు. నకలును తొలగించగానే పాత పేరు తిరిగి వస్తుంది. కనుక కొత్తగా నేర్చుకునేవారు కూడా భయం లేకుండా ప్రయత్నించవచ్చును.

తెలుగులో పేర్లు

దస్త్రంలో నేమ్ తరువాత చదరపు కుండలీకరణాలలో భాషా సంకేతం వ్రాస్తే, ఆ భాషను ఎంచుకున్నవారికి మాత్రమే ఆ పేరు కనిపిస్తుంది. తెలుగుకు సంకేతం టీ, ఈ అనే రెండు ఆంగ్ల అక్షరాలు. తెలుగు వరుస లేనపుడు భాషా సంకేతం లేని నేమ్ వరుసలోని పేరే కనిపిస్తుంది. తెలుగు వరుస ముందే ఉంటే దానినే దిద్దాలి. దస్త్రాన్ని యూటీఎఫ్-8 సంకేత పద్ధతిలో భద్రపరచాలి. ప్రోగ్రాము లోపలి మాటలు తెలుగులోకి అనువాదం కాకపోయినా, మెనూలో దాని పేరును ఈ విధంగా తెలుగులో పెట్టుకోవచ్చును. ఒకే కంప్యూటరును ఇంటిల్లిపాదీ వాడుకొనేచోట ఆంగ్లం చదవలేని పెద్దలకు, అక్షరాలు నేర్చుకుంటున్న పిల్లలకు ఇది ఎంతో ఉపయోగకరం.

దాచుట, తొలగించుట

నోడిస్‌ప్లే=ట్రూ అని వ్రాస్తే ప్రోగ్రాము మెనూలో కనిపించదు, కానీ దానికి సంబంధించిన దస్త్రాలను తెరవడానికి పనికివస్తూనే ఉంటుంది. హిడెన్=ట్రూ అని వ్రాస్తే ఆ మెనూ దస్త్రం తొలగించినట్లే లెక్క. ఈ రెండింటిలో దేని వలనా ప్రోగ్రాము కంప్యూటరు నుండి పోదు. అందువలన మెనూలో దాచుటను భద్రతా ఏర్పాటుగా భావించరాదు. ఆదేశం తెలిసినవారు టెర్మినల్ నుండి ప్రోగ్రామును నడపగలరు.

ఉపకరణాలు

దస్త్రాలను చేతితో దిద్దటం ఇష్టంలేని వారికి కేడీఈలో కేమెనూఎడిట్, ఇతర డెస్క్‌టాపులలో మెనూలిబ్రే, అలకార్ట్ వంటి ఉపకరణాలు ఉన్నాయి. చేతితో వ్రాసిన దస్త్రంలో తప్పులను డెస్క్‌టాప్-ఫైల్-వాలిడేట్ అనే ఆదేశం చూపుతుంది. 2011లో విడుదలైన గ్నోమ్ 3 లో వర్గాల మెనూకు బదులు చిహ్నాల పట్టిక వచ్చినది. అయినా ఆ పట్టికలోని పేర్లు, చిహ్నాలు కూడా ఈ దస్త్రాల నుండే వస్తాయి.

ఇవి కూడా చూడండి

లినక్స్
గ్నోమ్
కేడీఈ
టక్స్ పెయింట్