కొడుకైన కూతురు

కొడుకు లేకపోతే పున్నామ నరకం అనే మాట మన ఇళ్ళల్లో ఎంత మామూలుగా దొర్లిపోతుందో! ఆ ఒక్క నమ్మకం ఆడపిల్ల బతుకుని ఎటు తిప్పగలదో చెప్పే కథ గుమ్మఘట్ట ఉన్న సీమలో జరిగింది.

గుమ్మఘట్ట ఇప్పుడు అనంతపురం జిల్లాలో ఉంది గానీ, రాయదుర్గం తాలూకాతో పాటు 1953 దాకా బళ్ళారి జిల్లాదే. కరువు తరచు పలకరించే ఆ మెట్టపొలాల జిల్లాలో 'బసివి' అనే ఆచారం ఉండేది. బసవన్నకి ఆడమాట అది. మగపిల్లలు లేని తల్లిదండ్రులు ఒక కూతుర్ని దేవుడికి ఒప్పగించేవారు. పెళ్ళికొడుకు ఉండడు. అతని బదులు ఒక కత్తి, దాని మొనకి గుచ్చిన నిమ్మకాయ! తాళి కట్టేవారు. భుజాల మీద శంఖచక్రాల ముద్రలు వేసేవారు. ఇక ఆమెకి పెళ్ళి లేదు, పుట్టిల్లే ఇల్లు. పిల్లలు పుడితే వాళ్ళది తాత వంశమే. తండ్రి ఆస్తి ఆమెదే, ఆయనకి కర్మ చేసే హక్కూ ఆమెదే.

1904లో ఫ్రాన్సిస్ దొర రాసిన బళ్ళారి గెజిటీరులో ఈ బసివిల సంగతి చదివినప్పుడు నాకు కోపం కన్నా ముందు ఆశ్చర్యం వేసింది. పొలం ఆడదానికి రాకూడదు, కొరివి ఆడది పట్టకూడదు అని గట్టిగా నమ్మినవాళ్ళే, అవసరం పడేసరికి రెండూ ఆడపిల్ల చేతికే ఇచ్చారన్నమాట! అంటే ఆమెకి చేతనవునని తెలుసు. అయినా నమ్మకాన్ని మాత్రం వదల్లేదు, కూతుర్నే కొడుకుని చేశారు. దాని ఖరీదు ఆ పిల్ల కట్టింది. నీకేం కావాలమ్మా అని అడిగిన వాళ్ళెవరు? వైధవ్యం లేనిది కదా అని పెళ్ళిళ్ళకి మాత్రం పిలిచేవారట. ఎవరి పెళ్ళిళ్ళకో!

1947లో మద్రాసు చట్టం, 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం దేవుడికి పిల్లల్ని ఒప్పగించడాన్ని నిషేధించాయి. మంచిదే. కానీ నన్నడిగితే దాని వేరు మీద దెబ్బ కొట్టింది ఆస్తి చట్టం. 1985 సెప్టెంబరు 5 నుంచి మన రాష్ట్రంలో కూతురికీ పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది. అప్పటికే పెళ్ళయిపోయిన వాళ్ళకి లేదు లెండి! దేశం మొత్తానికి రావడానికి 2005 దాకా పట్టింది.

పాసుపుస్తకంలో కూతురి పేరెక్కడానికి ఇప్పుడు కత్తీ అక్కర్లేదు, నిమ్మకాయా అక్కర్లేదు. తలకొరివి దగ్గరికొచ్చేసరికి మాత్రం, ఇద్దరు కూతుళ్ళు ఎదురుగా నిలబడి ఉన్నా, చుట్టాల కళ్ళు తమ్ముడి కొడుకు కోసం వెతుకుతూనే ఉంటాయి.