చలికాలంలో ఇంటి తాబేలు: నిద్ర ఏది, జబ్బు ఏది?

కార్తీకం దాటి చలి ముదిరేసరికి, ఇంట్లో పెంచే తాబేలు మేత మాని, తలా కాళ్లూ లోపలికి ముడుచుకొని కదలక పడి ఉండటం చాలా ఇళ్లలో కనిపించేదే. తాబేలు చలికాలమంతా నిద్రపోతుందని ఎక్కడో విన్న పెద్దలు దానిని ఒక మూలన ఉంచి ఊరకుంటారు. సంక్రాంతి వెళ్లిన తరువాత చూస్తే అందులో ప్రాణం ఉండదు. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలో గాని, ఎల్లకు ఆవల కుప్పం ప్రాంతంలో గాని ఉండే చలికి ఇంటి తాబేలును నిద్రపుచ్చవలసిన అవసరం లేదు. కొత్తగా ఇంటికి వచ్చినదానినైతే అసలే నిద్రపుచ్చరాదు. కారణాలు ఈ దిగువ వివరింపబడినవి.

శీతనిద్ర అనగా ఏమి?

మన శరీరం తన వేడిని తానే పుట్టించుకుంటుంది. తాబేలుకు ఆ శక్తి లేదు. చుట్టూ ఉన్న గాలి, నీరు, మట్టి ఎంత వేడిగా ఉంటే దాని ఒళ్లూ అంతే. ఉత్తర అమెరికాలో బాక్స్ తాబేలు అనే జాతి కలదు. దాని అడుగు చిప్పకు మడతబందు వంటి కీలు ఉంటుంది. ఆపద వచ్చినప్పుడు పెట్టె మూత వేసినట్లు చిప్పను మూసుకుంటుంది గనుక దానికి ఆ పేరు వచ్చింది. అక్కడి మంచు కాలంలో మేత దొరకదు, దొరికినా అరగదు. అందుచేత అది అక్టోబరు, నవంబరు నెలలలో ఆకుల కిందనో మట్టిలోనో దూరి, మార్చి, ఏప్రిల్ వరకు కదలక ఉంటుంది. గుండె కొట్టుకోవడం, ఊపిరి పీల్చడం బాగా నెమ్మదిస్తాయి. ఒంట్లో దాచుకున్న కొవ్వే దానికి ఆ నెలల ఆహారం.

ఈ నిద్ర క్షేమంగా సాగాలంటే చుట్టూ 4 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ చలి నిలకడగా ఉండాలి. సున్నాకు దిగితే ఒంట్లోని నీరు గడ్డకట్టే ప్రమాదం ఉంది. 10 డిగ్రీలు దాటితే నిద్ర పలుచబడి, దాచుకున్న కొవ్వు వృథాగా ఖర్చవుతుంది.

మన చలి ఎందుకు చాలదు?

మన వైపు పుష్యమాసపు తెల్లవారుజామున 15 డిగ్రీల ప్రాంతానికి దిగిన చలి, మధ్యాహ్నానికి 28 డిగ్రీలకు అటూ ఇటూగా మారుతుంది. హోసూరు, డెంకణికోట, తళి వైపు మరికొంత చల్లగా ఉన్నా, నెలల తరబడి 10 డిగ్రీల లోపున ఉండదు. అనగా తాబేలు నిద్రపోవడానికి ఈ చలి చాలదు, మేత అరగడానికి ఈ వేడి చాలదు. ఈ రెంటి నడుమ చిక్కిన తాబేలు మేత మాని కృశిస్తుంది, కడుపులో మిగిలిన మేత కుళ్లుతుంది, ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. మనం నిద్ర అనుకొనేది చాలాసార్లు ఈ స్థితియే.

కొత్తదాని సంగతి

కొత్తగా వచ్చిన తాబేలు ఎన్నాళ్లు ఇరుకు డబ్బాలో ఉన్నదో, ఏమి తిన్నదో, కడుపులో పురుగులున్నాయో కొన్నవారికి తెలియదు. పైకి ఆరోగ్యంగా కనిపించినా ఒంట్లో కొవ్వు నిల్వ ఉండకపోవచ్చు. చలిదేశాలలో పెంచేవారు కూడా బక్కచిక్కినవాటిని, జబ్బు పడినవాటిని, కొత్తగా వచ్చినవాటిని మొదటి చలికాలం నిద్రపోనివ్వక వెచ్చగానే ఉంచుతారు.

అమెరికాలో స్థిరపడిన మన బంధువుల పిల్లలెవరైనా బాక్స్ తాబేలును పెంచుతుంటే వారికి ఈ నాలుగు మాటలు చెప్పవచ్చు. మొదట వైద్యునికి చూపించాలి. నిద్రకు రెండు మూడు వారాల ముందే మేత ఆపి, తాగడానికి నీరు మాత్రం ఇస్తూ కడుపు ఖాళీ కానివ్వాలి. గాలి ఆడేదీ, ఎలుకలు చొరబడనిదీ అయిన పెట్టెలో తడి మట్టి, ఆకులు వేసి ఉంచాలి. అప్పుడప్పుడు తూచి చూస్తూ, బరువు బాగా తగ్గినా, మూత్రం పోసినా వెంటనే నిద్ర లేపాలి.

మన ఇళ్లలో చేయవలసినది

మన ఊళ్ల దుకాణాలలో ఎక్కువగా అమ్మేది చెవి దగ్గర ఎర్రచార ఉండే విదేశీ నీటి తాబేలు. రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దగా ఉన్నప్పుడు కొంటారు గాని, పెరిగితే ఆడది అడుగు దాకా అవుతుంది, 20 సంవత్సరాలకు పైగా బ్రతుకుతుంది. దానికి చలికాలంలో చేయవలసినవి ఇవి:

1. నీరు 24 డిగ్రీలకు తగ్గకుండా చూడాలి. చేపల తొట్టికి వాడే హీటరు ఇందుకు సరిపోతుంది. రాత్రివేళ తొట్టిని వాకిట ఉంచరాదు.

2. ఒళ్లు ఆరబెట్టుకోవడానికి నీటి మధ్య రాయి గాని చెక్క గాని ఉండాలి. రోజూ కొంతసేపు నేరుగా ఎండ తగలాలి. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ చాలదు. ఎండ లేకపోతే చిప్ప మెత్తబడుతుంది. పారిపోవడానికి నీడ కూడా ఉండాలి.

3. అన్నం, రొట్టె మేతగా పెట్టరాదు. తాబేలు మేత గుళికలు, చిన్న చేపలు, వానపాములు, ఆకుకూరలు తగినవి.

4. ముక్కు నుంచి బుడగలు రావడం, నోరు తెరచి ఊపిరి పీల్చడం, నీటిలో ఒక పక్కకు ఒరిగి తేలడం, కళ్లు వాచి మూసుకుపోవడం నిద్ర లక్షణాలు కావు, జబ్బు లక్షణాలు. ఆలస్యం చేయక పశువైద్యునికి చూపించాలి.

5. ముట్టుకున్న ప్రతిసారీ పిల్లల చేత సబ్బుతో చేతులు కడిగించాలి. తాబేళ్ల ఒంటిపై ఉండే సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి పిల్లలకు విరేచనాలు, జ్వరం కలిగిస్తుంది. ఈ కారణంగానే అమెరికాలో 1975లో 4 అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించారు.

పెంచలేకపోతే దీనిని చెరువులోనో హొగెనకల్ దగ్గర కావేరిలోనో వదలరాదు. అది స్థానిక తాబేళ్ల మేతను, చోటును ఆక్రమిస్తుంది.

చేనులో దొరికిన తాబేలు

చిప్పపై పసుపు చుక్కల గీతలుండే నక్షత్ర తాబేలు, చెరువులలో ఉండే మెత్తని చిప్ప తాబేలు మన ప్రాంతానికి చెందినవి. ఇవి రెండూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పట్టినా, పెంచినా, అమ్మినా 3 నుంచి 7 సంవత్సరాల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా పడవచ్చు. నక్షత్ర తాబేలు అంతర్జాతీయ వ్యాపారం 2019లో నిషేధింపబడినది. బాక్స్ తాబేలు వంటి, అంతర్జాతీయ ఒప్పందపు పట్టికలలోని విదేశీ జీవులను పెంచేవారు 2024 నియమాల ప్రకారం పరివేష్ వెబ్‌సైటులో నమోదు చేసుకోవాలి.

తాబేలు చొచ్చిన ఇల్లు, అమీనా చొచ్చిన ఇల్లు బాగుపడవని తమిళంలో ఒక సామెత ఉన్నది. అదే తాబేలును శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో దేవుని రూపంగా కొలుస్తారు. అరిష్టమని కొట్టడం, అదృష్టమని కట్టివేయడం రెండూ తగవు. దారి తప్పి ఇంటికి వచ్చినదానిని అటవీ శాఖవారికి అప్పగించడమే సరైన పని.

మన తాబేళ్లకు ఉన్నది వేసవి నిద్ర. చెరువు ఎండినప్పుడు మెత్తని చిప్ప తాబేలు బురదలో దూరి వానల కొరకు వేచి ఉంటుంది. పూడిక తీసేటప్పుడు బయటపడితే చచ్చినదని పారవేయక, సమీపంలో తడి ఉన్న నీడకు చేర్చి అటవీ శాఖకు తెలుపవలెను.

పాతిపెట్టే ముందు

చలికి బిగుసుకున్న తాబేలు చచ్చినదానివలెనే ఉంటుంది. వేడినీళ్లు పోయరాదు, మంట దగ్గర పెట్టరాదు. గది వెచ్చదనంలో కొన్ని గంటలు ఉంచి, తరువాత గోరువెచ్చని నీటిలో గడ్డం మునగకుండా నిలపాలి. కాలిని మెల్లగా లాగితే వెనక్కు తీసుకుంటుందేమో, కంటి అంచును తాకితే కదులుతుందేమో చూడాలి. కళ్లు లోతుకు పోయి, దుర్వాసన వచ్చినప్పుడే ప్రాణం పోయిందని నిశ్చయించుకోవాలి. అంతవరకు పిల్లలకు చచ్చిపోయిందని చెప్పవద్దు, గోయి తవ్వవద్దు.